వీపు వెనక చెయ్యి

“అక్కా, ఆ ఉప్పు ఇటివ్వమని మీ ఆయనకి చెప్పు.”

ఉప్పు డబ్బా ఆ ‘మీ ఆయన’ మోచేతి పక్కనే ఉంది. తమ్ముడు చెయ్యి చాపితే అందుతుంది. కానీ చాపడు గాక చాపడు. ఆదివారం నుంచీ ఆ ఇంట్లో ఏ వస్తువైనా బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు చేరాలంటే తీగలమ్మ చేతుల మీదుగానే చేరాలి.

“ఏవండీ, ఉప్పట.”

“విన్నాను. గుడ్డులో ఉప్పు సరిపోయిందని చెప్పు. ఎక్కువ తింటే బీపీ వస్తుందని కూడా చెప్పు.”

“ఈ ఇంట్లో బీపీ ఉప్పు వల్ల రాలేదని చెప్పక్కా.”

“ఎవరికీ ఏమీ చెప్పను! నేనేమన్నా మీ ఇద్దరి మధ్యా కట్టిన నెట్టునా?” అంటూ తీగలమ్మ ఉప్పు డబ్బా లాక్కుని తమ్ముడి పళ్లెం పక్కన ఠక్కున పెట్టింది.

టెన్నిస్ ఆటగాళ్ల రాకెట్లకు తీగలు బిగించడం ఆమె పని. అందుకే కోర్టుల్లో ఆమె అందరికీ తీగలమ్మ. ఆమె భర్త అందరికీ బావ. పన్నెండేళ్లుగా ఆమె తమ్ముడు కోర్టులో ‘బావా, నీదే! బావా, వదిలెయ్!’ అని గొంతు చించుకుంటుంటే విని విని, అవతలి జంటలూ అంపైర్లూ కూడా ఆయన్ని బావ అనే పిలవడం అలవాటు చేసుకున్నారు. బావా బావమరదులు ఇద్దరూ సింగిల్స్ జోలికి ఎప్పుడూ పోలేదు. డబుల్సే వాళ్ల వృత్తి, వాళ్ల తిండి, వాళ్ల గొడవ.

అత్తగారు బ్రెడ్డు ముక్క కాఫీలో ముంచుకుంటూ నిట్టూర్చింది. “ఒకడికి నలభై దగ్గరపడుతోంది. ఇంకొకడికి ముప్ఫై దాటి ఎన్నాళ్లో అయింది. ఇద్దరి బుద్ధీ కలిపి తూచినా ఈ చెంచాడు రాదు.”

ఆవిడ బావని కన్నతల్లి. సొంత కొడుకనీ, కోడలి తమ్ముడనీ తేడా చూపకుండా ఇద్దర్నీ సమానంగా తిట్టగలగడం ఆవిడకే చెల్లింది.

“అక్కా,” అన్నాడు తమ్ముడు పళ్లెంలోకి చూస్తూ, “ఇంకాసేపట్లో నిచ్చెన వస్తాడు. ఈసారి నా జంట అతనే, ఇద్దరం కలిసి వెళ్లి పేర్లిచ్చేస్తాం. ఈ సంగతి కూడా మీ ఆయనకి చెప్పు.”

ఈసారి బావ ఏమీ చెప్పమనలేదు. లేచి, తిన్న పళ్లెం తీసుకెళ్లి తనే కడుక్కున్నాడు. ఆయన నోరు మూసుకున్నాడంటే విషయం నిజంగానే ముదిరిందన్నమాట.

డబుల్స్‌లో ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు. రేపు మొదలయ్యే పోటీకి జంటలు ఇవాళ మధ్యాహ్నం పన్నెండులోపు టోర్నమెంటు ఆఫీసులో పేర్లివ్వాలి. తమ్ముడి ర్యాంకు తోడు లేకుండా బావ పేరు లోపలికి పోదు. ఈ పోటీ తప్పితే ఆయన ర్యాంకు జారుతుంది, అది జారితే వచ్చే ఏడాది ఏ పోటీలోనూ చోటు దొరకదు. ఆ వయసు మనిషికి కొత్తగా జతకడతానని ఎవడు ఫోన్ చేస్తాడు? ఎవడూ చెయ్యడు. బావ ఆట ఈ వంటింటి పక్క బల్ల మీదే, ఉప్పు డబ్బా గొడవలోనే అయిపోతుంది.

ఇంతా చేస్తే గొడవ ఒక్క పాయింటు గురించి.

డబుల్స్‌లో ఒకడు వెనక నుంచి సర్వీస్ చేస్తుంటే రెండోవాడు నెట్ దగ్గర వంగి నిలబడతాడు. నిలబడి, అవతలివాళ్లకు కనపడకుండా ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టి సైగ చేస్తాడు. పిడికిలి అంటే ‘ఉన్నచోటే ఉంటాను’ అని. తెరిచిన చెయ్యి అంటే ‘అటు పక్కకు దూకుతాను, నా చోటు నువ్వు చూసుకో’ అని. ఆదివారం సెమీఫైనల్లో, ఆఖరి పాయింటులో, బావ దూకాడు. తమ్ముడు ఉన్నచోటే ఉండిపోయాడు. బంతి ఖాళీగా ఉన్న చోటికి వెళ్లి తాపీగా పడింది. మ్యాచ్ పోయింది.

“పిడికిలి చూపించి దూకుతావా!” అని తమ్ముడు.

“తెరిచే చూపించాను! నీ కళ్లెక్కడ పెట్టుకున్నావ్?” అని బావ.

జనమంతా చూస్తుండగా, చేతులు కూడా కలపకుండా చెరో తలుపులోంచీ బయటికి పోయారు. ఒకే ఇంటికి చెరో టాక్సీలో వచ్చారు.

*

గుమ్మం దగ్గర ఢామ్మని శబ్దమైంది. నిచ్చెన వచ్చాడని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పొడుగు మనిషి ఏ ఇంటికి వెళ్లినా ముందు నుదురు పలకరిస్తుంది, తర్వాతే మనిషి.

“అయ్యో, చూసుకోవద్దా నాయనా!” అంది అత్తగారు.

“పర్లేదండీ, అలవాటే,” అన్నాడు నిచ్చెన నుదురు రుద్దుకుంటూ. “అక్కగారూ, బాగున్నారా? నా రాకెట్లు రెండు తెచ్చాను. తీగలు కాస్త వదులుగా కట్టి పెడతారా? మీ చేతి పని అంటే అందరూ ఒకటే చెప్తారు.”

తీగలమ్మకు ఒళ్లు మండిపోయింది. మండిపడాల్సిన మనిషి ఇంత మర్యాదగా ఉంటే ఎలా మండిపడాలి? కాఫీలో పంచదార తగ్గించి కక్ష తీర్చుకుందామనుకుంది. అంతలోనే, “నాకు పంచదార వద్దండీ,” అన్నాడతను. ఆ దారీ మూసుకుపోయింది.

అతణ్ని ముందుగదిలో, తీగలు బిగించే మిషన్ పక్కన కూర్చోబెట్టింది. మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అతను వాటిని అటూ ఇటూ సర్దుకుంటున్నాడు. తమ్ముడు బ్యాగు సర్దుకోడానికి మేడ మీదికి వెళ్లాడు.

అప్పుడు బావ వచ్చి వంటింటికీ ముందుగదికీ మధ్య గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం నిచ్చెన వైపు, వీపు తీగలమ్మ వైపు.

“ఏం నిచ్చెనా, ప్రయాణం బాగా జరిగిందా?”

“బాగానే జరిగింది బావగారూ. కాళ్లు మాత్రం పక్క సీటాయన ఒళ్లో పెట్టాల్సొచ్చింది.”

“వాడు సర్వీస్ చేసేటప్పుడు ఎక్కువ వెనక్కి తిరిగి చూడకు. చూస్తే చిరాకుపడతాడు.”

“అలాగేనండీ.”

“ఎడమ పక్క బంతి వాడిదే. అడ్డం పోకు.”

తీగలమ్మ గిన్నె తోముతున్నదల్లా ఆగిపోయింది. తన చోటును తనే అవతలివాడికి ఒప్పజెప్పేస్తున్నాడు! ఏడవాలో, వెనక నుంచి ఒకటి మొట్టాలో ఆమెకు తెలియలేదు.

అంతలో బావ ఎడమ చెయ్యి వీపు వెనక్కి వచ్చింది. పిడికిలి.

ఆ సైగలు ఆ ఇంట్లోకి ఎప్పుడో వచ్చేశాయి. చుట్టాల ఇళ్లలో ఎవరైనా పాత ఫొటోలు ముందేసుకుని కూర్చుంటే బావ అలాగే వీపు వెనక చెయ్యి పెడతాడు. పిడికిలయితే ‘ఇంకాసేపు భరిద్దాం’ అని, తెరిచిన చెయ్యయితే ‘లేచి బయటపడదాం పద’ అని. పన్నెండేళ్లలో వాళ్లు అలా తప్పించుకున్న ఫొటోలకు లెక్కే లేదు.

సరే, ఉండమంటున్నాడు కదా అని తీగలమ్మ ఉన్నచోటే ఉండి కాఫీ కలిపింది. బావ నిచ్చెనతో ఇంకో మాట మాట్లాడి, పక్క తలుపులోంచీ పెరట్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి వంటింటి కిటికీలో ఆయన ముఖం కనపడింది.

“ఏమోయ్, పిలిస్తే రావేం?”

“పిలిచారా? ఎప్పుడు?”

“ఇప్పుడేగా! పెరట్లోకి పద అని చెయ్యి తెరిచి చూపించలా?”

“పిడికిలి చూపించారు.”

“తెరిచాను.”

“పిడికిలండీ. ఈ కళ్లతో చూశాను.”

“నీకూ నీ తమ్ముడికీ కళ్లు ఒకే షాపులో...” అనబోయి బావ ఆగిపోయాడు.

ఆదివారం తమ్ముడన్న మాటే తనూ అన్నదని తీగలమ్మకు తట్టింది. చెంచా అక్కడ పడేసి, తడి చేతులతోనే పెరట్లోకి నడిచింది. ఆరేసిన బట్టల మధ్య బావ నిలబడి ఉన్నాడు. ఎడమ చెయ్యి జేబులో ఉంది.

“తియ్యండి.”

“ఏం లేదే.”

“ఏం లేకపోతే తియ్యడానికేం?”

తీశాడు. బొటనవేలూ చూపుడువేలూ చిటికెనవేలూ తెరుచుకున్నాయి. మధ్యలో రెండు వేళ్లూ అరచేతిలోకి ముడుచుకునే ఉన్నాయి. బావ కుడి చేత్తో వాటిని ఒకదాని తర్వాత ఒకటి పట్టి లాగాడు. టిక్కుమని చప్పుడు చేసి తెరుచుకున్నాయి.

“ఎప్పట్నుంచి?”

“వానలప్పట్నుంచి. మొదట్లో ఒక్కటే. ఇప్పుడు దాని పక్కది కూడా తోడొచ్చింది. వీటికి కూడా డబుల్సే ఇష్టం లాగుంది.”

“నవ్వొద్దు. నాకు నవ్వు రావట్లేదు.” వస్తూనే ఉంది, అందుకే ఆమెకు ఇంకా కోపమొచ్చింది. “డాక్టరుకి చూపించారా?”

“చూపిస్తే ఏదో పేరు పెడతాడు. పేరు పెట్టాక ఆడొద్దంటాడు.”

“మరి సర్వీసుకి బంతి ఎలా ఎగరేస్తున్నారు?”

“మిగిలిన మూడు వేళ్లతో.” బావ గొంతు తగ్గించాడు. “ఒక్కోసారి మొద్దుబారిపోతాయే. తెరుచుకున్నాయో లేదో చూస్తేగానీ తెలీదు. వీపు వెనక పెట్టుకుని ఎలా చూస్తాను? ఆ రోజు తెరిచాననే అనుకున్నాను. ఒట్టు. వాడు అబద్ధం చెప్తున్నాడనే అనుకున్నాను. ఇప్పుడు నువ్వు కూడా చూశానంటే...”

తప్పు తనదేనని ఆ క్షణంలోనే ఆయనకు తెలిసింది. తీగలమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“పదండి. వాడికి చెప్పేద్దాం.”

“చెప్పొద్దు.”

“ఏం? ఎందుకు చెప్పొద్దు?”

“చెప్తే వాడు నాతోనే ఆడతాడు. జాలిపడి ఆడతాడు. వాడికి ఇంకా ఆరేడేళ్ల ఆట ఉంది. నా రెండు వేళ్లకి వాణ్ని కట్టెయ్యనా? కోపంగా పోనీ. కోపంగా పోతే బాగా ఆడతాడు వాడు.”

“నాక్కూడా చెప్పలేదు మీరు,” అంది తీగలమ్మ. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. “పక్కన పడుకునేదాన్ని. ఎడమ చెయ్యి పట్టే చోట రాకెట్ పిడికి మెత్తటి పట్టీ చుట్టమన్నప్పుడైనా చెప్పలేదు.”

బావ తెరుచుకున్న చేత్తో ఆమె కళ్లు తుడవబోయాడు. దారిలోనే వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి.

*

తీగలమ్మ మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కింది. తమ్ముడు బ్యాగు జిప్పు వేస్తున్నాడు, తీస్తున్నాడు, మళ్లీ వేస్తున్నాడు.

“ఒరేయ్, నీకు సిగ్గు లేదూ? పిల్లనిచ్చిన ఇంట్లో కూర్చుని పిల్లాడిలా అలుగుతావా?”

“అక్కా, పిల్లనిచ్చింది మనం. ఆ ఇంట్లో మేడ మీద ఉంటున్నది నేను.”

“అదే! అందుకే ఇంకా సిగ్గుపడాలి.” ఆమె మంచం మీద కూలబడింది. నోటి దాకా వచ్చిన మాటను బలవంతాన ఆపుకుంది. ఆయనకు మాటివ్వలేదు, నిజమే. కానీ ఆయన పెరట్లో దాచుకున్నదాన్ని తను మేడ మీద పరిచెయ్యడం ఎలా? “ఆ ఆదివారం సంగతి... ఆయన కావాలని చెయ్యలేదురా.”

“నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“వేళ్లు.”

తీగలమ్మ మంచం మీంచి లేచి నిలబడింది.

“పన్నెండేళ్లు ఆయన వీపు వెనక చెయ్యి చూస్తూ బతికాను అక్కా. ఆయన మొహం కంటే ఆ చెయ్యే నాకు బాగా తెలుసు. బంతి ఎగరేసేటప్పుడు రెండు వేళ్లు లేవట్లేదు. గెలిచినప్పుడు చప్పట్లు కొట్టట్లేదు, తొడ మీద చరుచుకుంటున్నాడు. చెప్తాడులే, చెప్తాడులే అని చూశాను. చెప్పలేదు. ఆఖరికి అంతమంది ముందు నేను గుడ్డివాణ్నన్నాడు!”

“తెలిసీ అలా తిట్టావా?”

“తిడితేనన్నా చెప్తాడనుకున్నా. నా మీద నమ్మకం ఉంటే చెప్పడా? ఆయన చెప్పాలి. నేను అడగను.”

“మరి ఈ నిచ్చెన ఎందుకొచ్చాడు?”

తమ్ముడు తల గోక్కున్నాడు. “భయపెడదామని రమ్మన్నా.”

“ఎవర్ని?”

“బావని. ఇంకొకడితో వెళ్లిపోతున్నానంటే ఉండబట్టలేక చెప్పేస్తాడని.”

“చెప్పకపోతే?”

“అదే... ఇందాకట్నుంచి నేనూ అదే ఆలోచిస్తున్నా.”

తీగలమ్మకు నవ్వాలో వాడి చెవి మెలిపెట్టాలో తెలియక రెండూ చేసింది. “అయ్యో నా తండ్రీ! ఒకడు నీ మంచి కోసం నోరు మూసుకున్నాడు. నువ్వు ఆయన నోరు తెరిపించడానికి ఊరి మీది మనిషిని రప్పించావు. ఇద్దరి మధ్యా నేను ఉప్పు మోస్తున్నాను! ఆ నిచ్చెనకి ఇది ఉత్త బెదిరింపని తెలుసా?”

“తెలీదు,” అన్నాడు తమ్ముడు, చెవి రుద్దుకుంటూ.

*

ఆమె కిందికి వచ్చింది. ఇక ఎవరితోనూ ఏమీ చెప్పదలుచుకోలేదు. ఈ పక్క మాట ఆ పక్కకు మోయడం అయిపోయింది. నిచ్చెన తెచ్చిన రాకెట్ ఒకటి తీసి మిషన్‌కు బిగించి, పాత తీగలు కత్తిరించడం మొదలుపెట్టింది.

“వదులుగానే కట్టమన్నారు కదూ?” అంది, పెరట్లోకి వినపడేలా. “మా తమ్ముడి పక్కన ఆడేవాళ్లకి అదే మంచిది. ఇన్నాళ్లూ మా ఆయనకి అలాగే కట్టాను.”

మిషన్ కీచుమంది. ఒక తీగ బిగిసింది. ఇంకొకటి బిగిసింది. ఆ మిషన్ మీద కట్టిన మొదటి జత ఆ ఇంటి ఇద్దరిదీ. ఆ చప్పుడు వింటే లోపల ఎవరి రాకెట్ ఉందో బావ కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇప్పుడున్నది తనది కాదని కూడా తెలిసే ఉంటుంది.

తమ్ముడు బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. చాలా నెమ్మదిగా దిగాడు. ఒక్కో మెట్టు మీద ఆగి పెరటి తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, బూట్లు వేసుకున్నాడు. నిచ్చెన లేచి, ఈసారి జాగ్రత్తగా తల వంచుకుని గుమ్మం దాటాడు.

“వెళ్లొస్తా అక్కా,” అన్నాడు తమ్ముడు. బెదిరించడానికి వేసిన వేషం వాడి మెడకే చుట్టుకుంది పాపం.

“ఒరేయ్.”

పెరటి గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. ఆదివారం తర్వాత ఆ నోటి నుంచి వాడికి నేరుగా వచ్చిన మొదటి మాట అది.

“ఏంటి?” అన్నాడు తమ్ముడు, వెనక్కి తిరగకుండా.

“నువ్వు చూసింది నిజమేరా. పిడికిలే.” బావ చెయ్యి ముందుకు చాపాడు. “నా వేళ్లు తెరుచుకోవట్లేదు. చాలా రోజులైంది. నీకు చెప్పడానికి భయమేసింది.”

బ్యాగు దబ్బున కింద పడింది. తమ్ముడు మూడంగల్లో వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ఇది చెప్పడానికి ఇన్నాళ్లా బావా! సైగలు లేకపోతే నోటితో చెప్పుకుంటాం. చెవిలో చెప్పుకుంటాం. డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. నాకు చెప్పడానికి నీకు భయమా?”

“నీకు కాక ఇంకెవరికి భయపడతాన్రా!”

ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియడంలేదు. అత్తగారు వచ్చి కొడుకు నెత్తి మీద ఒకటి, తమ్ముడి నెత్తి మీద ఒకటి వేసింది. “సీసా మూతలు తియ్యమన్నప్పుడల్లా పని తప్పించుకుంటున్నాడనుకున్నాను, వెధవ!” అని కళ్లొత్తుకుంది. తీగలమ్మకు ప్రాణం లేచొచ్చింది. మిషన్ కట్టేసి గడియారం చూసింది. పన్నెండవడానికి ఇంకా టైముంది. హాయిగా వెళ్లి పేర్లివ్వొచ్చు.

“అక్కగారూ,” అన్నాడు నిచ్చెన గుమ్మం బయట నుంచి. “ఒక మాట.”

అతణ్ని అందరూ మర్చేపోయారు.

“మా ఇద్దరి పేర్లూ నిన్న సాయంత్రం ఊళ్లో దిగగానే ఆఫీసులో ఇచ్చేశానండీ. ఎందుకైనా మంచిదని. మీ తమ్ముడు ఫోన్లో మాటిచ్చాడు కదా అని.”

తమ్ముడు బావ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

“తీసేయించొచ్చు లెండి,” అన్నాడతను గబగబా. “ఇద్దరం వెళ్లి సంతకం పెడితే తీసేస్తారు. నేను పెడతాను. మాట తప్పే మనిషిని కాను... కాకపోతే నా పాత జంటగాడు వేరేవాడితో వెళ్లిపోయాడు. ఇంక నాకెవరూ లేరు. మా ఆవిడ రైలెక్కేసింది. పెళ్లయ్యాక నా ఆట చూడ్డానికి రావడం ఇదే మొదలు.” నవ్వబోయాడు. “పర్లేదండీ, అలవాటే.”

బావ తమ్ముడి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

“వెళ్లరా. మాటిచ్చావు.”

“వెళ్లను. నా సర్వీసుకి ముందు వంగి నిలబడేది నువ్వే.”

“అతను మోసపోవాలా మన గొడవకి? నువ్వు రమ్మంటేనే వచ్చాడు.”

“ఈసారి తప్పితే నీకు మళ్లీ చోటు రాదు బావా! తెలిసే అంటున్నావా?”

“తెలిసే అంటున్నా.”

అరుచుకుంటున్నారు. నేరుగా, ముఖాముఖాలు చూసుకుంటూ, మధ్యలో ఎవరూ లేకుండా అరుచుకుంటున్నారు. తీగలమ్మకు ఆ అరుపులు విని సంతోషంతో కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే, ఆ అరుపుల్లో ఎవరు గెలిచినా ఒక మనిషి ఇవాళ ఆట లేకుండా మిగిలిపోతాడని గుర్తొచ్చి గుమ్మం వైపు చూసింది. ఆ నుదుటి మీద బొప్పి కట్టిన మనిషి గుమ్మం బయటే, ఎటూ కదలకుండా నిలబడి ఉన్నాడు.

“చాలు! ముగ్గురూ కారెక్కండి,” అంది తాళాలు తీసుకుని. “ఎవరు ఆడాలో ఆఫీసు దగ్గరికి వెళ్లేలోపు తేల్చుకోండి. అత్తయ్యా, తలుపేసుకోండి.”

నిచ్చెన మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని వెనక సీట్లో ఇరుక్కున్నాడు. తమ్ముడు అతని పక్కన కూర్చుని, చెయ్యి చాపి ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. “రా బావా. ఎక్కు.”

బావ రాలేదు. వీధి మెట్టు మీద కూర్చున్నాడు. తీగలమ్మ ఇంజిన్ స్టార్ట్ చేసి కిటికీలోంచి తొంగిచూసింది.

“ఏవండీ, టైమైపోతోంది.”

“మీరు వెళ్లండే. నేను రాను.”

“ఏం?”

బావ ఆమె వైపు చూడకుండా, కోర్టులున్న వైపు చూశాడు.

“అక్కడికొస్తే నాకు ఆడాలనిపిస్తుంది.”

తీగలమ్మ ఇంజిన్ ఆపలేదు, బండి కదిలించనూ లేదు.